బండకు పెట్టే పువ్వు

“ఆ బండకు నా పువ్వు రాదు.”

“అవ్వా, లొల్లి జెయ్యకు. రేపు పొద్దుగాల పని మొదలువెట్టాలె. ఒక్క మందారం అడిగితె ఏం పోతది నీది?”

“ఒక్కటి గాదు, రేకు గూడ రాదు. చుట్టూత ఉన్న బండలన్నిటికి ఇచ్చిన. ఎన్నడన్న లేదన్ననా? గిప్పుడు మనం పండుకునే బండకే పువ్వు అడుగుతున్నవ్. తిన్నదంత తిని ఇగ కూసున్న పీట గూడ తింటవారా?”

“చుట్టూత బండలు ఒడిసినయ్. మిగిలింది ఇదొక్కటే. ఇది కొట్టకపోతె పొయ్యి మీద ఏం పెడతవ్? నీ పూలే వండుతవా?”

“వండుత. ఉప్పు కారమేసి వండుత. తిను.”

మా కాక, అంటే నాయన తమ్ముడు, నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె చరుస్తున్న అమ్మ తల ఎత్తలేదు. అత్తా మొగుడూ వాదించుకునేటప్పుడు ఎవరి వైపు చూసినా తప్పేనని ఆమెకు తెలుసు. నేను గుడిసె గుంజ పట్టుకుని నిలబడ్డాను. నాకప్పుడు ముందుపళ్లు ఊడి కొత్తవి వస్తున్నాయి.

వాదించుకుంటున్నది మా నాయన, ఆయన తల్లి. ఆయన ఆమెను అవ్వా అనేవాడు, నాకు నాయనమ్మ. మేం రాళ్లు కొట్టి బతికేవాళ్లం. కొత్త బండ మీద మొదటి దెబ్బ వేసే ముందు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఎర్రపువ్వు పెట్టి మొక్కాలి. పువ్వు పెట్టని బండ మీద సమ్మెట ఎత్తకూడదు. మండే ఎండల్లో ఆ గుట్ట మీద ఎర్రపువ్వు పూసేది మా నాయనమ్మ పెంచే చెట్లకే. ఆమె ఇవ్వనంటే పని ఆగిపోతుంది. ఆగిపోవాలనే ఇవ్వనంది. ఎందుకంటే ఈసారి నాయన కొడతానన్నది మా గుడిసెలున్న బండను.

ఈ మాటలన్నీ మరుగున పడ్డాయనే అనుకున్నాను. మొన్న వైశాఖపు ఎండలో బాల్కనీలో మందారానికి నీళ్లు పోస్తుంటే, ఎదురుగా ఖాళీ జాగాలో బండ పగలగొట్టే మిషన్ మొదలైంది. మాది చాలా పై అంతస్తు. అయినా కుండీ కింద పెట్టిన పళ్లెంలో నీళ్లు వణికాయి. చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కోడలు లోపలి నుంచి చూసి వచ్చింది.

“అత్తమ్మా, ఎండల ఎందుకు నిలబడ్డరు? లోపలికి రండి.”

“వాళ్లు పువ్వు పెట్టిన్రా, చూసినవా?”

“ఎవరు?”

“ఆ మిషనోళ్లు. బండకు.”

“భూమిపూజ ఎప్పుడో చేసిన్రు గద అత్తమ్మా. టెంటు వేసి, మనకు గూడ లడ్డూలు పంపిచ్చిన్రు.”

“అది భూమికి. బండకేం పెట్టిన్రు?”

కోడలు నా చేతిలోంచి చెంబు తీసుకుంది. ఎండదెబ్బ తగిలిందనుకున్నట్టుంది. ఫ్రిజ్‌లోంచి మజ్జిగ తెచ్చి ఇచ్చి, నేను తాగేదాకా నిలబడింది. మంచి పిల్లే. దానికి ఏం చెప్పను? ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పను? అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను. చదివింది కొద్దిగానే. పలక పట్టిన కొన్నాళ్లకే గంప ఎత్తించారు. అక్షరాలు మాత్రం చెదిరిపోలేదు.

నా బాల్కనీలో కొన్న కుండీ ఒక్కటి లేదు. బిల్డింగ్‌కు రంగులు వేసినప్పుడు ఖాళీ అయిన డబ్బాలను వాచ్‌మన్‌ను అడిగి తెచ్చుకున్నాను. కడిగి, అడుగున మేకు కాల్చి చిల్లులు పొడిచాను. ఒకదానిలో మందారం, ఒకదానిలో మల్లె, మిగతావాటిలో బిళ్లగన్నేరు, గడ్డిగులాబీ. బియ్యం కడిగిన నీళ్లు వాటికే పోస్తాను. ఏసీ పైపు కింద బకెట్ పెడితే పగలంతా చుక్క చుక్క పడి నిండుతుంది, ఆ నీళ్లూ వాటికే. మనుషులు ట్యాంకర్ కోసం ఎదురుచూసే రోజుల్లో పువ్వు కోసం కుళాయి తిప్పడం నాకు చేతకాదు. మధ్యాహ్నం పాత చీర ఒకటి తడిపి కడ్డీలకు కడతాను, వడగాలి నేరుగా చెట్లకు తగలకుండా. ఆ చీర నీళ్లు కింది ఫ్లాట్ వాళ్ల బట్టల మీద పడతాయట. ఆ ఇంటావిడ కోస్తా వైపు మనిషి, ఎంత కోపంలోనైనా మర్యాద తప్పదు.

“మామ్మగారూ, మీ చీర కారి మా వారి తెల్లచొక్కా మీద మరకలు పడుతున్నాయండి.”

“మా చీరె రంగు పోయి శానా ఏండ్లయింది. ఇంకేదన్న చీరె మరకనేమో చూస్కోమ్మా.”

“మీతో మాట్లాడి గెలవలేమండీ” అంటూ వెళ్లిపోయింది. మర్నాటి నుంచి చీరను గట్టిగా పిండి కడుతున్నాను. ఆమె మాట నిజమే మరి.

మనవరాలు ఒకసారి మట్టి తెప్పించింది. ప్లాస్టిక్ సంచిలో, తూకం వేసి, ఇంటికి పంపించారు.

“మట్టి కొన్నవానే?”

“మంచి మట్టి నానమ్మా. అన్నీ కలిపి ఉంటాయి ఇందులో.”

“ఏం కలిపిన్రు, నెయ్యా?”

“నవ్వకు. అందరూ ఆన్‌లైన్‌లో ఇదే కొంటున్నారు.”

“పాపం, అందరికి చెరువులెక్కడియి.”

అన్న తర్వాత తోచింది, ఇప్పుడు నాకు మాత్రం ఎక్కడిదని. ఆ మట్టినే డబ్బాలకు పోశాను. డబ్బు పెట్టి కొన్నదాన్ని పారేయలేను కదా.

ఇంకొక మాట. ఈ మందారం నాయనమ్మ మందారానికి అంటు కాదు. తోపుడుబండి వాడితో బేరమాడి కొన్నది. నాయనమ్మ పెంచిన చెట్లలో ఒక్క కొమ్మ కూడా నా దగ్గర లేదు.

మా బండ ఉన్న చోటు ఇప్పుడు ఏదో కచ్చితంగా చెప్పలేను. గుట్ట ఉంటే గుర్తుపట్టేదాన్ని. గుట్టే లేదు. గాలి అటు నుంచి వీచినప్పుడు హఫీజ్‌పేట్ స్టేషన్‌లో రైలు కూత మాకు వినపడేది. ఆ దిక్కును బట్టి ఈ అద్దాల భవనాల నడుమే ఎక్కడో అనుకుంటాను. మనవరాలు ఆ భవనాల్లో ఒకదానిలోనే పనిచేస్తుంది. “మీ గుడిసె మా క్యాంటీన్ కింద ఉండేదేమో నానమ్మా” అంది ఒకసారి. కింద కాదు. గుట్ట ఎత్తుగా ఉండేది. వాళ్లు కూర్చుని తినే చోటు కంటే పైన మేం పడుకునేవాళ్లం.

ఆ బండ బోర్లించిన పెద్ద మూకుడులా ఉండేది. దాని మీద చిటికెడు మట్టి లేదు. గుడిసెకు గుంజ పాతాలంటే ముందు ఉలితో గుంట తొలవాలి. చుట్టూ ఎటు చూసినా బండలే, కొన్ని ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు ఉండేవి. మా వాళ్లు ఒక్కొక్కదాన్నే కొడుతూ వచ్చారు. ఆ రాయి బాలానగర్‌లో లేచే ఫ్యాక్టరీల గోడలకు పోయేది, రైలు పట్టాల కిందికి కంకరగా పోయేది. లారీ వచ్చి ఎత్తుకుపోయాక, బండ ఉన్న చోట ఆకాశం కొత్తగా కనిపించేది. మా చిన్నప్పుడు అది సంబరంగా ఉండేది. “ఇగో, ఇయ్యాల రైలు గూడ కనవడుతుంది” అని ఎగిరేవాళ్లం.

ఎండాకాలంలో ఆ బండ పెనమే. మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా గుడిసె దాటలేం. సాయంత్రం అమ్మ నీళ్లు చల్లితే బుస్సుమని ఆవిరి లేచేది. తడిసిన వేడి రాయి వాసన ఒకటి ఉంటుంది, మట్టి వాసనలా తియ్యగా ఉండదు, కొంచెం ఉప్పగా, ఇనుము నాకినట్టు ఉంటుంది. నాయన చొక్కాలో ఇంకో వాసన ఉండేది, ఉలి తగిలి మాడిన రాయిది. ఎంత ఉతికినా అది పోయేది కాదు. తిండి ఏముంది, జొన్నరొట్టె, లేదంటే జొన్నరవ్వ ఉడికించిన గట్క. అందులోకి మామిడికాయ తొక్కు, పచ్చి ఉల్లిగడ్డ. మామిడికాయలు రాలే రోజుల్లో అమ్మ తొక్కు నూరుతుంటే పళ్లు జివ్వుమనేవి. ఊడిన పళ్ల సందులో తొక్కు ఇరుక్కుని నేను ఏడిస్తే, “ఏడువు, ఉప్పు సరిపోతది” అనేది నాయనమ్మ.

ఆమె పూలచెట్లు కుండీలలో ఉండేవి కావు. రోళ్లలో ఉండేవి.

బండలు కొట్టించే గుత్తేదారు పని అయ్యాక మిగిలిన పొద్దులో మా మగవాళ్లు రోళ్లు, ఇసుర్రాళ్లు చెక్కి ఊళ్లలో అమ్మేవారు. రోలు చెక్కడంలో ఒక చిక్కుంది. గుంట లోతు చేస్తూ పోయేటప్పుడు అడుగున రాయి ఎంత మిగిలిందో కంటికి కనపడదు. చప్పుడును బట్టి తెలుసుకోవాలి. చప్పుడు పలుచబడగానే ఉలి ఆపాలి. కొత్తగా పని నేర్చుకునేవాడు ఆపడు, ఇంకొంచెం లోతు చేస్తే ఇంకొంచెం అందమనుకుంటాడు. అడుగుకు చిల్లి పడుతుంది. అన్ని రోజుల చెమట పోయినట్టే. చిల్లి రోలును ఎవరు కొంటారు?

మా నాయనమ్మ ఒక్కదాన్ని కూడా పారేయనిచ్చేది కాదు. చెరువు ఎండగానే అడుగు మట్టి గంపలతో తెచ్చి వాటికి నింపేది. “చిల్లి లేకపోతె ఏర్లు కుళ్లుతయి. మావోళ్లు చెట్ల కోసమే చెక్కిన్రు” అని వచ్చినవాళ్లకు చెప్పేది. మందారం ఉన్నది నాయన చెక్కిన మొదటి రోలు. మల్లె, నందివర్ధనం, ఎర్రగన్నేరు, బిళ్లగన్నేరు, ఇవన్నీ కాక చెడగొట్టిన రోళ్లలో. కాకకు ఓపిక తక్కువ.

“నా చిన్నకొడుకు రాళ్ల పనోడు గాదు, తోటమాలి” అనేది ఆమె.

“నేను చెడగొట్టకపోతె నీకు తోటేడిది అవ్వా?” అనేవాడు కాక. “నాకు దండం వెట్టాలె నువ్వు.”

“వెడత. ముందుగాల ఒక్క రోలన్న అడుగుతోని చెక్కు.”

నీళ్లు కింద వాగు నుంచి మోయాలి, ఎండలు ముదిరితే వాగు ఇసుకలో చెలిమ తవ్వి తోడుకోవాలి. చెట్లకు మంచినీళ్లు పోసే ముచ్చటే లేదు. నాయనమ్మ ఒక కట్టడి పెట్టింది. అన్నం తిన్నాక ఎవరి రోలు మీద వాళ్లు చేయి కడగాలి. నాయన మందారం మీద, కాక మల్లె మీద, అమ్మ నందివర్ధనం మీద. నాకు గన్నేరు. “ఏలు ఏలు కడుగు. మోచేతి దాంక కడుగు. చెట్టు తాగుతది” అని పక్కన నిలబడి చెప్పేది. తొక్కు కారం చెట్టుకు మండుతుందని నేను భయపడేదాన్ని. రోలు నేరుగా బండకు ఆనితే వేరు ఉడికిపోతుందని, కింద చిన్నచిన్న రాళ్లు పెట్టి ఎత్తేది. మధ్యాహ్నం తడి గోనెపట్టా చుట్టేది. సాయంత్రం ఆ పట్టా విప్పుతుంటే వచ్చే వాసన, తడి నార, వేడి ఆకు, మల్లెమొగ్గ కలిసిన వాసన, ఇప్పుడు నా పాత చీర విప్పుతుంటే రాదు. చీరది సబ్బు వాసన.

ఎరువుకు మేక పెంటికలు ఏరుకురావడం నా పని. ఒకరోజు కాక వేయించిన పల్లీలు మూట కట్టుకుని పనికి పోతుంటే, అందులో నాలుగు పెంటికలు కలిపాను. ఎండలో వాటికీ పల్లీలకూ పెద్ద తేడా ఉండదు. సాయంత్రం వచ్చి నా చెవి పట్టుకున్నాడు.

“ఇటు రాయే పోరీ. నాకేం బెట్టినవ్?”

“ఎరువు కాకా. నువ్వు జర ఎత్తు పెరుగుతవని.”

నాయనమ్మ నవ్వడం నేను చాలా తక్కువ చూశాను. ఆ రోజు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తర్వాత నాకు రెండు తగిలించింది, పల్లీలు దండుగ చేసినందుకు.

పూలు కోయడానికి మాత్రం ఎవరికీ చనువు లేదు. మల్లెలు అమ్మకు, నాకు పెట్టేది. ఎర్రపూలు మాత్రం బండకే. ఏ బండ మొదలుపెట్టినా ముందురోజు నాయన వచ్చి “అవ్వా, రేపు పువ్వు” అనేవాడు. తెల్లారేసరికి మందారం విచ్చి ఉండేది. ఆమె కోసి, తడిబట్టలో చుట్టి ఇచ్చేది. నాయన బండకు పెట్టి, “తల్లీ, కడుపు కోసం కొడుతున్నం, కోపం జెయ్యకు” అని మొక్కి సమ్మెట ఎత్తేవాడు.

ఆమె ఆ చెట్లు ఎందుకు పెంచుతోందో నాకు అమ్మ చెప్పింది. మా తాతను నేను ఎరగను. నేను పుట్టకముందు, ఇలాంటి ఎండాకాలంలోనే, ఒక పెద్ద బండ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఎక్కడ వెతికినా పువ్వు దొరకలేదు. ఊళ్లో పెరళ్లన్నీ ఎండిపోయి ఉన్నాయి. గుత్తేదారు మనిషి లారీ పెట్టుకుని కూర్చున్నాడు. “రేపు దెచ్చి వెడదాం తియ్, తల్లి ఏమనుకోదు” అని తాత పసుపు మాత్రం రాసి సమ్మెట అందుకున్నాడు. మధ్యాహ్నం పై బండ కదిలి తాత మీదికి జారింది. నాయన, కాక అక్కడే ఉన్నారు. వాళ్లు ఎత్తలేకపోయారు. ఎవరు ఎత్తగలరు దాన్ని?

కర్మలన్నీ అయ్యాక నాయనమ్మ ఊళ్లోకి పోయి, ఎవరి పెరట్లోనో బతికిన మందారపు కొమ్మ అడిగి తెచ్చింది. చిల్లి రోట్లో నాటింది. “ఇగ నా ఇంట్ల పువ్వు లేదనే మాట రావద్దు” అందట. అప్పటి నుంచి ఏ ఎండాకాలంలోనూ ఆ మాట రాలేదు. కొడుకులు ఎన్ని బండలు కొట్టినా ఒక్కదానికీ పువ్వు తప్పలేదు. పూలచెట్లంటే ఆమెకు ముచ్చట అని అనుకునేవాళ్లు అందరూ. ఆమెకు పువ్వు అంటే కొడుకులు సాయంత్రం ఇంటికి రావడం.

ఇక ఆ ఏడు సంగతి. చుట్టూ కొట్టగలిగిన బండ లేకుండా పోయింది. ఒక సాయంత్రం గుత్తేదారు మేస్త్రీ వచ్చి మా గుడిసెల ముందు నిలబడి, చెప్పుకాలితో బండను తట్టి చూశాడు.

“ఇదొక్కటే ఉన్నది గద. ఇది గూడ కొట్టున్రి.”

“ఇండ్లున్నయి గద సారూ” అన్నాడు నాయన.

“గుడిసెలే గద. పక్కకు ఏస్కోండి. పట్టాల దిక్కు బోలెడంత జాగ ఉన్నది. మీరు కొట్టకపోతె చెప్పుండ్రి, బయటికెంచి మనుషులను దెస్త. నాకేం ఫికర్ లేదు.”

“ఏండ్లకెల్లి ఉంటున్నం సారూ.”

“ఉన్నరు. ఉంటె బండ మీది ఐతదా?”

నేల మాది కాదు, రాయి మాది కాదు. మాది అన్నది ఆ దెబ్బ ఒక్కటే. మేస్త్రీ పోయాక నాయన చాలాసేపు ఆ బండ మీద అరచేయి ఆనించి కూర్చున్నాడు. పశువు వీపు నిమిరినట్టు నిమిరాడు. మర్నాడు పోయి ఒప్పుకుని వచ్చాడు. ఆ సాయంత్రమే పువ్వు అడిగాడు. మొదట రాసిన గొడవ అదే.

నాయనమ్మ పూలు వండుతానన్న తర్వాత అమ్మ రొట్టె తిప్పింది. మాడిన వాసన వచ్చింది.

“వేరేటోళ్లొచ్చి కొడితె నేను నిలవడి చూడాల్నా?” అన్నాడు నాయన. ఈసారి గొంతు తగ్గింది. “మనదాన్ని మనమే కొడితె జర మంచిగ కొడుతం.”

“మంచిగ కొట్టుడేందిరా? సంపేది సంపుడే.”

“అయితె ఏం జెయ్యమంటవ్? చెప్పు. నువ్వు చెప్పినట్టె జేస్త.”

నాయనమ్మకు చెప్పడానికి ఉన్నది ఒక్కటే మాట, అదే మళ్లీ చెప్పింది.

“నా పువ్వు రాదు. పువ్వు లేంది మీరు కొట్టరు. గంతే.”

నాయన లేచాడు. చేతిలో రొట్టెముక్క ఇంకా ఉంది. దాన్ని పళ్లెంలో పెట్టి, ఆమె ముఖం చూడకుండా అన్నాడు.

“పువ్వు లేకుండనే కొడుత.”

కాక నవ్వు పోయింది. “అన్నా, గా మాటనకు” అన్నాడు.

“అన్న. రేపు పొద్దుగాల నువ్వు నేను ఇద్దరం కొడుతున్నం. పువ్వు ఉంటె ఉంటది, లేకపోతె లేదు.”

నాయనమ్మ తిడుతుందనుకున్నాను. కొంగు విదిలించి, మన్ను ఎత్తిపోసి శపిస్తుందనుకున్నాను. కొడుకు ముఖం వైపు మాత్రం చూసింది, కింద నుంచి పైకి, మెల్లగా. చివరికి, “మీ నాయన గూడ గట్లనే నిలవడి అన్నడు” అంది. తర్వాత వంగి, పడిపోయిన గోనెపట్టా తీసి దులిపింది.

అన్నం తిన్నాక నాయన చేయి కడగడానికి మందారం దగ్గరికి రాలేదు. గుడిసె వెనకకు పోయి వట్టి బండ మీద కడుక్కున్నాడు. నీళ్లు పల్లానికి జారి ఆరిపోయాయి. నేను చూశాను. నాయనమ్మ కూడా చూసింది.

ఆ తర్వాత మేం పట్టాల పక్కకు పోయాం. అక్కడ నేల ఉంది, మట్టి ఉంది, గుంజ ఊరికే దిగేది. నాయనమ్మ అక్కడ ఒక్క చెట్టు కూడా నాటలేదు. ఎందుకని అమ్మ అడిగితే, “ఇక్కడ ఏ బండ ఉన్నదని?” అంది. నాయన, కాక జీడిమెట్ల ఫ్యాక్టరీలలో కూలికి పోవడం మొదలుపెట్టారు. సమ్మెటలు గుడిసె మూలన తుప్పు పట్టాయి. కొన్ని ఎండాకాలాలు గడిచాక ఆమె పోయింది, జ్వరం కూడా లేకుండా, వడలి. నాయన రొమ్ములో రాతిదుమ్ము అప్పటికే చేరింది, దవాఖానకు ఎన్నాళ్లు తిప్పినా అది దిగలేదు. ఇప్పుడు నేను నాయనమ్మ వయసు దాటాను. మిషన్ చప్పుడు వినపడ్డప్పుడు, ఆ రాత్రి ఆమె మనసులో ఏం నడిచి ఉంటుందా అనుకుంటాను. బండ దక్కాలంటే పువ్వు ఇవ్వకూడదు. పువ్వు ఇవ్వకపోతే కొడుకులు అలాగే కొడతారు, వాళ్ల నాయన కొట్టినట్టు. ఆమె పక్కనే పడుకున్నాను నేను. ఆమె కదల్లేదు. నాకు నిద్ర పట్టేసింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి నాయనమ్మ చెట్ల దగ్గర ఉంది. చేటలో పూలు కోస్తోంది. విచ్చిన మందారాలు, విచ్చని మొగ్గలు, ఎర్రగన్నేరు, బిళ్లగన్నేరు, నందివర్ధనం, అన్నీ. చెట్టుకు ఒక్క మొగ్గ మిగలకుండా కోసింది. నన్ను పసుపు తెమ్మంది. మా పొయ్యి పక్కన బండ మీద కూర్చుని, నీళ్లు చల్లి, పసుపు రాసి, బొట్లు పెట్టింది. చేటను అక్కడ బోర్లించి, పూలను రెండు చేతులతో పరిచింది. నాయన, కాక సమ్మెటలు పట్టుకుని వచ్చి దూరంగా నిలబడ్డారు. ఆమె మోకాళ్ల మీద చేతులు ఊని లేచి, “ఇగ కొట్టున్రి” అంది. అమ్మా, నేనూ గుడిసె మీది గడ్డి దించాం. నాయన మొక్కి మొదటి దెబ్బ వేశాడు, కాక రెండోది వేశాడు. మధ్యాహ్నానికి పొయ్యి ఉన్న చోట బండ నిలువునా పగిలింది. ఆ రోజు ఎవరికీ దెబ్బ తగల్లేదు.